బిడ్డ కదిలిందా?

భారతీయ న్యాయ సంహిత 88వ సెక్షన్ చదువుతుంటే ఒక పాత మాట ఎదురై భలే సంబరమేసింది. తల్లి ప్రాణం కాపాడటానికి తప్ప, గర్భస్రావం చేయించినవారికి మూడేళ్ల వరకు జైలు; ఆ స్త్రీ ‘క్విక్ విత్ చైల్డ్’ అయితే ఏడేళ్ల వరకు. పాత ఇంగ్లీషులో క్విక్ అంటే ప్రాణమున్నది. బిడ్డ కదలిక తల్లికి తెలిసిందన్నమాట. 1860 నాటి శిక్షాస్మృతిలోని ఆ మాట 2024 జూలై 1న కొత్త చట్టంలోకి నడిచొచ్చింది.

అబార్షన్ అనగానే సైన్సుకీ మతానికీ పోరు అంటాం. కానీ చాలాకాలం రెండూ ఒకే గీత దగ్గర నిలబడ్డాయి. మగబిడ్డ నలభయ్యో రోజున, ఆడబిడ్డ తొంభయ్యో రోజుకు కదులుతుందని అరిస్టాటిల్ రాశాడు. బైబిల్ నిర్గమకాండాన్ని గ్రీకులోకి మార్చినవాళ్లు, హీబ్రూలో ‘హాని’ అని ఉన్నచోట పిండానికి రూపం వచ్చిందా లేదా అన్న అర్థం పెట్టారు. రూపం రాని పిండాన్ని తీసేస్తే పాపమే కానీ హత్య కాదని అగస్టీన్ లాంటి క్రైస్తవ గురువులు వాదించడానికి ఆ మాట ఆధారమైంది. మన సుశ్రుత సంహితలో నాలుగో నెలకు బిడ్డ గుండె తేటపడుతుంది. అందుకే చూలాలికి రెండు హృదయాలు, ఆమె కోరిందల్లా పెట్టాలి.

నన్ను వదలనిది మాత్రం ఇంగ్లండు కోర్టు. ఉరిశిక్ష పడిన స్త్రీ కడుపుతో ఉన్నానంటే జడ్జి తలుపులు మూయించి, అక్కడున్నవాళ్లలోంచి పన్నెండుమంది పెద్ద ఆడవాళ్లను జూరీగా కూర్చోబెట్టేవాడు. తీర్పు చెప్పేదాకా వాళ్లకు తిండీ నీళ్లూ చలిమంటా ఉండవు, కొవ్వొత్తి వెలుగు తప్ప. బిడ్డ కదులుతోందని వాళ్లంటే కాన్పయ్యేదాకా ఉరి ఆగేది. 1720లో జమైకాలో పట్టుబడ్డ సముద్రపు దొంగలు మేరీ రీడ్, యాన్ బానీ కూడా కడుపుతో ఉన్నామని చెప్పుకునే ఉరి తప్పించుకున్నారు. జూరీ ఆడవాళ్లు పొరబడ్డ సందర్భాలూ ఉన్నాయి. 1833లో నార్విచ్‌లో ఒకామెకు కదలిక లేదన్నారు. డాక్టర్లు అడ్డుపడబట్టి ఉరి ఆగింది, తర్వాత ఆమె బిడ్డను కన్నది. అయినా రాజు చట్టం ఆడవాళ్ల అనుభవాన్ని అడిగి తెలుసుకున్న చోటు అది. 1931లో ఆ జూరీ రద్దయింది.

గీత అంతకుముందే చెరిగిపోసాగింది. 1827లో శాస్త్రవేత్త ఫాన్ బేయర్ ఆడకుక్కలో అండాన్ని చూశాడు; బిడ్డ మొదలు కదలికకు చాలా ముందే ఉందన్న ఆలోచన బలపడింది. ఇంగ్లండు 1837లో గర్భస్రావ చట్టం నుంచి కదలిక తేడా తీసేసింది. అమెరికాలో డాక్టర్ హొరేషియో స్టోరర్ 1857లో గర్భస్రావానికి వ్యతిరేకంగా ఉద్యమం మొదలుపెడితే, 1859లో వైద్యసంఘం కదలికకు ముందూ బిడ్డ బిడ్డేనంది. రోములో పోప్ ఐదో సిక్స్‌టస్ 1588లో తీసేసిన తేడాను 1591లో పద్నాలుగో గ్రెగరీ తిరిగి పెట్టాడు. 1869లో తొమ్మిదో పయస్ మళ్లీ తీసేశాడు. డాక్టరూ పోపూ వేర్వేరు దారుల్లో వచ్చి ఒకేచోట కలిశారు. మధ్యలో పోయింది తల్లి మాట. అది నాకు పెద్ద నష్టంగానే తోస్తుంది. మన 1971 గర్భస్రావ చట్టం, దాని 2021 సవరణా లెక్కించేది వారాలనే.

మా అక్క మూడో నెల స్కానింగ్‌లోనే బిడ్డ చేతులాడించడం తెర మీద చూసింది. ఒంటికి మాత్రం ఏమీ తెలియలేదు. ఐదో నెలలో ఒక మధ్యాహ్నం చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ ఉన్నట్టుండి ఆగి, ‘‘అమ్మా, చేపపిల్ల తోకాడించినట్టుంది, ఇది గ్యాసా, బిడ్డా?’’ అంది.

అమ్మ చేతిలో కాయ పక్కనపెట్టి, ‘‘నీకేమనిపిస్తోందే?’’ అని అడిగింది.