పడవలు నడిచిన గట్టు మీద

కోనసీమ చూడ్డానికి వచ్చేవాళ్లు రావులపాలెం దగ్గర హైవే దిగి, కొబ్బరితోటల మధ్య తారురోడ్డున అమలాపురం వెళ్లి, దిండిలో ఫొటోలు దిగి తిరిగెళ్లిపోతారు. వాళ్లకు మా సీమ పెరటివైపే కనబడుతుంది. వీధిగుమ్మం కాలవవైపు ఉంది. పాత పెంకుటిళ్ల అరుగులు, మూతబడ్డ రైసుమిల్లుల గేట్లు, రేవు మెట్లు చాలా ఊళ్లలో ఇంకా కాలవకేసే చూస్తుంటాయి. ఒకప్పుడు చుట్టం దిగినా, ధాన్యం కదిలినా అటే.

అందుకే నన్నెవరైనా అడిగితే ధవళేశ్వరంలో సైకిలెక్కి పి. గన్నవరం దాకా రమ్మంటాను. గన్నవరంలో దిగి నడవండి. ఆఖర్న పంటు అనే బల్లకట్టు ఎక్కి నరసాపురంలో తేలండి.

ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం చూసి బయల్దేరడం మంచిది. 1833 ప్రాంతపు డొక్కల కరువులో ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయిన నేల ఇది. గోదారి నిండా నీళ్లున్నా పొలానికి చుక్క ఎక్కేది కాదు. కావేరి మీద చోళులు కట్టిన కల్లణైని చూసి, దాని పాయ కొల్లిడం మీద ఆనకట్టలు కట్టి వచ్చిన ఇంజినీరు ఆర్థర్ కాటన్ ఇక్కడ 1847లో పని మొదలుపెట్టాడు. నది అడుగున బండ లేదు, ఉన్నదంతా ఇసకే. ధవళేశ్వరం కొండ పగలగొట్టి ఆ రాయిని ఇసకలోనే కుమ్మరించాడు. ఆయనకు కుడిభుజం వీణం వీరన్న. 1852కల్లా ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా ఆనకట్ట లేచింది. అన్నీ కలిపితే మూడున్నర కిలోమీటర్ల పైమాటే, ఎత్తు మాత్రం 12 అడుగులు. ఇప్పుడు మనం సైకిలు తొక్కేది 1982లో పూర్తయిన, మొత్తం 175 గేట్లున్న బ్యారేజీ మీద.

ఇక్కడిదాకా స్కూలు పుస్తకాల్లోనూ ఉంటుంది. కాటన్‌కి నీటిపారుదల ఎంతో పడవ ప్రయాణం కూడా అంతే ముఖ్యమన్నది మనవాళ్లు తేలిగ్గా మరిచిపోయారు. రైలు కంటే కాలవ చవకని ఆయన లండన్‌లో పార్లమెంటు కమిటీల ముందు కూడా వాదించాడు. ఆ వాదన నెగ్గలేదు, రైలే నెగ్గింది. అయినా ఆయన కాలవలు బకింగ్‌హామ్ కాలవతో కలిశాక కాకినాడలో ఎక్కిన సరుకు మద్రాసులో దిగేది. ఆనకట్ట వెనక నిలిచిన నీళ్లే కూడలి. తూర్పు కాలవ పడవ ధవళేశ్వరం దగ్గర ఆ నీళ్లలోకొచ్చి, గోదారి దాటి, విజ్జేశ్వరంలో ఏలూరు కాలవ అందుకునేది. కోనసీమ పడవలకు గుమ్మం బొబ్బర్లంక.

ఆ బొబ్బర్లంకలోనే మనం కాలవ గట్టు పట్టుకుంటాం. లొల్ల లాకుల దగ్గర కాసేపు ఆగాలి. కాలవ అక్కడ పాయలుగా చీలుతుంది. సినిమా షూటింగుల పుణ్యమా అని ఆ చోటు అందరూ తెరమీద చూసిందే, లాకు ఎలా పనిచేసేదో మాత్రం పక్కనున్న బజ్జీల కొట్టాయన కూడా చెప్పలేడు. నేను చెబుతాను. కాలవ ఒక్కసారిగా పల్లానికి దిగేచోట రాతితో పొడుగాటి తొట్టి కట్టి, రెండు చివర్లా జంట తలుపులు పెట్టారు. ఎగువకు వెళ్లాల్సిన పడవ కింది తలుపులోంచి తొట్టిలోకి వస్తుంది. ఆ తలుపులు మూసి, పై తలుపుల్లోని చిన్న తూములు ఎత్తితే నీళ్లు నిండి పడవ తనంతట తనే పైకి లేస్తుంది. పైనా తొట్టిలోనా మట్టం ఒకటయ్యాక తలుపు తోస్తే తెరుచుకుంటుంది. అంతవరకూ ఎంతమంది తోసినా కదలదు, ఎగువ నీటి బరువే దాన్ని బిగించి పట్టుకుంటుంది. పక్కనే పొలాల నీటికి వేరే దారి, దాని షట్టర్లు వేరే. ఇప్పుడు ఇరిగేషన్ లస్కర్లు తిప్పేవి ఆ షట్టర్లే.

గాలి వాటంగా ఉంటే తెరచాప ఎత్తేవాళ్లు. లేకపోతే మనుషులు భుజాన తాడు వేసుకుని ఈ గట్టు మీదే నడుస్తూ ధాన్యం పడవను లాగేవాళ్లు. గట్టు అంత వెడల్పుగా, అంత తిన్నగా ఉన్నది వాళ్ల నడకకూ పనికొచ్చేలానే. సైకిలుకింత హాయిగా ఉండటం మనకు దక్కిన లాభం. కాటన్ దొర విగ్రహాలకు దండలు వేయడంలో మన ఊళ్లు పోటీపడతాయి, మంచిదే. తాళ్లు లాగినవాళ్లకు ఒక్క రాయైనా పాతినట్టు నాకు కనబడలేదు.

ర్యాలిలో జగన్మోహినీ కేశవస్వామి విగ్రహం ముందు విష్ణువు, వెనక మోహిని. చూడకుండా వెళ్లొద్దు. రావులపాలెం దాటాక ఏటిగట్టు ఎక్కండి. కుడిచేతివైపు లంకల్లో అరటితోటలు, వాటి అవతల గోదారి పాయ వశిష్ఠ. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల వరద వచ్చిన సంగతి ఈ గట్టు మీద ఏ పెద్దాయన్ని కదిపినా చెబుతాడు, ఏ ఇంట్లో ఎంతమంది తలదాచుకున్నారో కూడా.

గన్నవరంలో సైకిలు దిగక తప్పదు. వైనతేయ పాయ మీదుగా కాలవను అవతలి దీవికి దాటించడానికి 1850ల మొదట్లో హేగ్ అనే ఇంజినీరు ఒక్కొక్కటి 40 అడుగుల వెడల్పున 49 కమానులతో అక్విడెక్టు కట్టాడు. కింద నది, పైన కాలవ. దాని పక్కన తర్వాత కట్టిన కొత్త అక్విడెక్టుకు డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. ఇంజినీర్ల పేర్లు పెట్టే చోట అన్నం పెట్టినామె పేరు పెట్టడం నాకు భలే నచ్చింది. 1841లో పుట్టి 1909లో పోయిన ఆ తల్లి ఉన్నది దగ్గర్లోని లంకల గన్నవరం. రేవుదాటే బాటసారి ఏ వేళప్పుడు తలుపు కొట్టినా వడ్డించేదంటారు. పడవ ఎప్పుడు చేరుతుందో ఎవరికీ తెలియని రోజుల్లో వేళకాని వేళ అన్నం ఎంత అవసరమో ఆ ఊరిదాకా నడిచి వెళ్తే అర్థమవుతుంది.

అవతలి దీవిలో పాశర్లపూడి మీదుగా సఖినేటిపల్లి చేరాలి. అక్కడ పంటు. కార్లూ, మోటారుసైకిళ్లూ, గేదెలూ, పెళ్లివారూ అన్నీ దానిమీదే. వశిష్ఠ మీద ఇక్కడ వంతెన వస్తుందని నా చిన్నప్పటినుంచీ వింటున్నాను. రైలూ అంతే, కోటిపల్లి-నరసాపురం లైను కోసం గౌతమి పాయలో స్తంభాలు లేచాయి, అమలాపురానికి మాత్రం ఇంకా కూత వినబడలేదు. ఈ ఒక్క సీమలో కాటన్ రైలుతో పందెం ఇంకా పూర్తిగా ఓడిపోలేదన్నమాట.

పంటు ఆగేది మాధవాయిపాలెం రేవులో. కాటన్‌కి దాదాపు రెండొందల ఏళ్ల ముందే ఇంగ్లీషు కంపెనీ ఇక్కడ బట్టల వ్యాపారానికి కోఠీ పెట్టింది. ఆ బట్టను ఈ ఊరి పేరుతోనే ఇంగ్లండులో అమ్మారు. పక్కనే పాలకొల్లులో డచ్చివారు. నరసాపురంలో సముద్రపు ఓడలే కట్టేవారు. అంటే కాటన్ కొత్తగా తెచ్చింది పడవల్ని కాదు. ఏటి మీద అప్పటికే ఉన్న పడవను పొలాల మధ్యకు తీసుకెళ్లాడు.

రాదలచుకుంటే కార్తీకం నుంచి సంక్రాంతి దాకా బాగుంటుంది. వరదల్లో పంటు కట్టేస్తారు. ఎండాకాలంలో కాలవలు కట్టేస్తారు గానీ, లాకు తొట్టి రాతిపని అడుగుదాకా చూడాలంటే అప్పుడే రావాలి. పంటు మీద సైకిలుకు వేరే టిక్కెట్టు, చిల్లర దగ్గరుంచుకోండి.