గోవిందు పేరి ఆర్కిడ్

ఆర్కిడ్ల కుటుంబములోని వేలకొలది జాతులను ప్రజాతులుగా విభజించి పేర్లు పెట్టిన చరిత్ర యంతయు లిండ్లీ, రైకెన్‌బాక్, హూకర్ మున్నగు యూరపు పండితుల నామములతో నిండియున్నది. ఆ నడుమ మన యిండ్లలో వినబడునట్టి పేరొకటి తగులును. 1853లో ముగిసిన ఒక మదరాసు గ్రంథములో ఒక చిన్న ఆర్కిడ్ ప్రజాతికి గోవిందూయా యని నామకరణము జరిగినది. ఈ గోవిందు రాజు కాడు, దొర కాడు; మొక్కల బొమ్మలు వ్రాసి జీవించిన చిత్రకారుడు.

ఆ పేరు పెట్టినవాడు రాబర్టు వైట్ అను వైద్యుడు. 1796లో స్కాట్లండున జన్మించి, 1819లో ఈస్టిండియా కంపెనీ కొలువున మదరాసు చేరెను. ఆయనకు మందులకంటె మొక్కలపైననే మక్కువ హెచ్చు. కోయంబత్తూరున పత్తిసాగు ప్రయోగములను పర్యవేక్షించుచు కూడ ఆ వ్యాసంగమును విడువలేదు. 1838 మొదలు 1853 వఱకు ఆఱు సంపుటములుగా ఆయన వెలువరించిన ‘ఇకోనెస్ ప్లాంటారమ్ ఇండియే ఓరియెంటాలిస్’ అను చిత్రగ్రంథములో రెండువేల నూఱుకు పైబడిన పటములున్నవి. వానికి బొమ్మలు వ్రాసినవారిలో ముఖ్యులు మొదట రంగయ్య, అటుపిమ్మట గోవిందు. వీరి పేర్లను వైట్ పటములపై అచ్చువేయించెను. ఇది చిన్న సంగతి కాదు. అంతకు పూర్వము సామర్లకోటలో రాక్స్‌బరో దొరకు కోరమండలు తీరపు మొక్కలను గీసియిచ్చిన ఈ దేశపు చిత్రకారులు పేరులేనివారుగనే మిగిలిపోయిరి.

ఆర్కిడ్ల విషయమున చిత్రకారుని పని అలంకారము కాదు. పువ్వు రంగునుబట్టియు, ఆకు పొడవునుబట్టియు ప్రజాతిని నిర్ణయించుటకు వీలులేదు. దళములలో ఒకటి తక్కిన వానికంటె భిన్నమై పెదవివలె నుండును. దాని వెనుక తిత్తి కలదా లేదా? కేసరములును కీలమును కలిసి యేర్పడిన స్తంభము ఎట్టిది? పుప్పొడి పొడిగా నున్నదా, ముద్దకట్టినదా, ఆ ముద్దలెన్ని? ఇవియే ప్రశ్నలు. పువ్వును చీల్చి, భూతద్దము క్రింద ఒక్కొక్క భాగమును వేఱుపఱచి, వాడిపోకముందే పెద్దదిగా గీయవలెను. ఎండిన మొక్కలో ఈ మెత్తని భాగములు నలిగి ఆకారము చెడిపోవును. కనుక దూరదేశమున కూర్చున్న పండితుడు తరచుగా ఆ బొమ్మనే నమ్మవలసి వచ్చెను. అట్టి బొమ్మ గీసిన చేతికి వర్గీకరణములో భాగము కలదని మేము తలంచుచున్నాము.

వైట్ అదే గ్రంథమున, 1851లో, మఱియొక ఆర్కిడ్ ప్రజాతికి కాటనియా యని పేరిడెను. గోదావరి సీమవారు ఇది ధవళేశ్వరపు కాటన్ దొర పేరనుకొందురు. 1847లో మొదలైన ఆనకట్ట పని అప్పటికింకను సాగుచుండెను గాని, ఈ పేరు ఆయనది కాదు; ఆయన తమ్ముడును, మదరాసు ఇంజనీరును, ఆర్కిడ్ల సేకరణయందు ఆసక్తి కలవాడును అగు ఫ్రెడరిక్ కాటన్‌ది. ఆ మొక్క పడమటి కనుమలలోను సింహళమునను చెట్లకొమ్మలపై పెరుగును. పొడవైన కాడ చివర పూచిన పువ్వు పెదవి తేనెటీగ వాలినట్లే యుండును. లిండ్లీ 1833లో దీనిని వందా ప్రజాతిలో చేర్చియుండెను. వందాలకు పెదవి వెనుక తిత్తి యుండును, దీనికి లేదు. అందుచేత వేఱు చేయుట న్యాయమే. జాతినామముగా వైట్ పెట్టినది పోయి లిండ్లీ ముందు పెట్టినది నిలిచినను, ప్రజాతినామము మాత్రము నేటికిని కాటనియాయే. అందున్నది ఒక్కటే జాతి.

గోవిందూయాకు ఆ భాగ్యము పట్టలేదు. అది చెట్టునెక్కునది కాదు. అడవినీడలో నేలపై పెరుగును. దానినే పోలిన మొక్కలకు లిండ్లీ 1833లోనే ట్రాపిడియా యని పేరు పెట్టియుండెను. పడవ అడుగుదూలమును తెలుపు గ్రీకు మాటనుండి పుట్టిన పేరది. పెదవి ఆకారమునుబట్టి వచ్చినది. వైట్ పెట్టిన పేరు ఇరువదియేండ్లు వెనుకబడినది. వృక్షశాస్త్రమున ముందు అచ్చయిన పేరుకే పట్టము. 1867లో పారిసు నగరమున సమావేశమైన పండితులు ఆమోదించిన నియమావళియు ఈ సూత్రముననే నిలిచినది. 1890లో హూకర్ వెలువరించిన భారతదేశపు ఆర్కిడ్ల వివరణములోను ట్రాపిడియాయే ప్రజాతినామము.

దీనిని గోవిందునకు జరిగిన అవమానముగా నెంచరాదు. లిండ్లీ తాను 1833లోనే నెమీడియా యని మఱియొక పేరు పెట్టెను. అదియు ట్రాపిడియాలోనే కలిసిపోయినది. ఈ సూత్రమునకు దొర యనియు కూలివాడనియు భేదము లేదు. అయినను కాలువలు త్రవ్వించిన యింటివారి పేరు నిలిచి, పువ్వును చీల్చి చూచి గీసినవాని పేరు పోవుట మా మనసునకు కొంచెము కష్టముగనే తోచును. ఆ చిత్రములలో పెక్కు నేడు ఎడింబరో రాజోద్యానవనమున భద్రముగా నున్నవి. ఇటీవలి పరిశోధకులు వానిని తిరుగ వెలికిదీసి, రంగయ్య గోవిందుల పేర్లతోనే ప్రకటించిరి.

త్రోసివేయబడిన పేరైనను శాస్త్రమున చెరిగిపోదు. ఒకసారి సక్రమముగా అచ్చయిన ప్రజాతినామమును వేఱొక మొక్కల ప్రజాతికి పెట్టుటకు నియమావళి యొప్పదు. వృక్షశాస్త్రజ్ఞుల నామావళిలో ట్రాపిడియా యున్నచోటు తెఱచి చూచినచో, దాని క్రింద పర్యాయనామముల వరుసలో, నెమీడియాతోపాటు గోవిందూయాయు కనబడును.