మెడిసిన్‌లో చేరే తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఒక పాత సంగతి

మేము పేట్ బషీరాబాద్‌ల హాస్టల్‌లో ఉంటున్నం. మా రూమ్ నుంచి ఒకడు ఎంబీబీఎస్‌లో చేరిండు. మొదటి వారమే ఫోన్: "అనాటమీ ఒక్క ముక్క అర్థం కాలే, తండాకు పోతా."

అప్పుడు వాడికి చెప్పినం. హైదరాబాద్‌లో మెడికల్ స్కూల్ 1846లో మొదలైంది, ఇవాళ్టి ఉస్మానియా మెడికల్ కాలేజీ అదే. మొదట్ల అక్కడ పాఠాలు ఉర్దూలో చెప్పేవారు. అంటే ఇంగ్లిష్ రానోళ్ళు కూడా డాక్టర్లయ్యారు! మనకు ఇంట్లో గోర్ భాష, బడిలో తెలుగు, ఇప్పుడు ఇంగ్లిష్.

2022లో తెలంగాణలో ఎస్టీ రిజర్వేషన్ 6 నుంచి 10 శాతమైంది. అదే ఏడు మహబూబాబాద్, కొత్తగూడెంలో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు తెరిచారు. సీటు దగ్గరికొచ్చింది, భాష రాలేదు.

అందుకే రేపటి పాఠంలోని పది పదాలు ఇవాళ రాత్రే మీ భాషలో రాసుకోండి. ఎముకల సెట్టు కొనకండి, సీనియర్లను అడగండి. స్కాలర్‌షిప్‌కు కుల, ఆదాయ సర్టిఫికెట్ల జిరాక్సులు నాలుగైదు దగ్గర పెట్టుకోండి. ఒక సబ్జెక్టు పోతే సప్లిమెంటరీ ఉంటది, ఇంటికి పోయే పని లేదు.

మావాడు పోలేదు. నిన్న ఫోన్ చేసి, క్లావికల్ ఎక్కడుంటదో గోర్‌లోనే చెప్పిండు.