చోటు ఉంటేనే మర్యాద

హుగ్లీ నది మీద 1874లో సర్ బ్రాడ్‌ఫోర్డ్ లెస్లీ కట్టిన పడవల వంతెనకు రెండు పక్కలా ఏడేసి అడుగుల కాలిబాట ఉండేది. దాని స్థానంలో 1943లో వచ్చిన హౌరా బ్రిడ్జికి అటూ ఇటూ పదిహేనేసి అడుగులు వదిలారు. 1992 అక్టోబరు 10న తెరిచిన రెండో వంతెన విద్యాసాగర్ సేతు ఆరు వరసల మోటారు రోడ్డు. దాని కాలిబాట నాలుగడుగుల లోపే. నడిచేవాడి వాటా ఎలా పెరిగి ఎలా తరిగిందో ఈ మూడు కొలతలే చెబుతాయి.

హౌరాలోని సంత్రాగాఛిలో ఉంటున్నవాళ్లం ఈ తరుగుదలను రోజూ చూస్తున్నాం. రెండో వంతెన దిగిన లారీలు కోనా ఎక్స్‌ప్రెస్‌వే మీదుగా మా ఊరు దాటి జాతీయ రహదారి ఎక్కుతాయి. విశాఖ, విజయవాడల మీదుగా చెన్నై చేరే రహదారి అదే. రైలుమార్గం అంతకంటే పాతది. హౌరా–ఖరగ్‌పూర్ లైనును బెంగాల్ నాగపూర్ రైల్వే 1900లో తెరిచింది. ఆ కంపెనీ కొలువుల కోసం ఉత్తరాంధ్ర నుంచి ఎన్నో కుటుంబాలు ఇటు వచ్చాయి. మా నాన్న ఆ తరవాతి తరం. శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చి రైల్వేలో చేరారు, డ్యూటీకి సైకిలు మీద వెళ్లేవారు.

దారి మర్యాద నాకు ఆయనే నేర్పారు. బెల్లు దూరం నుంచే కొట్టాలి. వీపు దగ్గరికొచ్చి కొడితే మనిషి బెదిరి అడ్డం పడతాడు. బజారు ఇరుకులో సైకిలు దిగి నడిపించుకు వెళ్లాలి. చీకటి పడితే డైనమో దీపం వెలగాలి. ఫుట్‌పాత్ లేని రోడ్డు మీద నడిచేవాళ్లు ఎదురొచ్చే బండి కనపడేలా కుడి అంచున నడవాలి. బరువుతో వచ్చేవాడికి ముందు దారి ఇవ్వాలి. సంత్రాగాఛి కందకు, అంటే ఇక్కడివాళ్ల ‘ఓల్’కు, బెంగాల్ అంతా పేరు. వెనక కంద బస్తా కట్టుకుని ‘దేఖే, దేఖే’ (చూసుకోండి) అంటూ వచ్చేవాడు చప్పున బ్రేకు వేయలేడని నాన్న చెప్పేవారు.

ఈ పద్ధతుల్లో కొన్నింటి వెనక చట్టమే ఉంది. సైకిలు కూడా బండేనని ఇంగ్లండులో 1888 నాటి స్థానిక ప్రభుత్వ చట్టం తేల్చింది. పాదచారిని దాటేముందు బెల్లుతోనో ఈలతోనో తగినంత ముందుగా హెచ్చరించాలని అందులోనే రాశారు. వేగంగా పోయేవాడిదే జాగ్రత్త బాధ్యత అని దాని అర్థం. ఇంతకంటే న్యాయమైన సూత్రం నాకు ఇప్పటికీ కనిపించదు.

కోల్‌కతాలో జరిగింది దీనికి విరుద్ధం. ప్రధాన రోడ్ల మీద సైకిళ్లను ఆపడం 2008లో మొదలైంది. 2013లో ఆ నిషేధం 174 రోడ్లకు పాకింది, నిరసనలు వచ్చాక 62కు తగ్గింది. పాలవాడు, పేపరువాడు, కూరగాయలవాడు బతుకు మానుకోలేరు కదా. రోడ్డు మూసేస్తే సందుల్లోకి, ఫుట్‌పాత్ మీదికి ఎక్కారు. దాంతో మోటారు వల్ల నష్టపోయిన ఇద్దరూ, సైకిలువాడూ నడిచేవాడూ, ఒకరినొకరు తిట్టుకోవడం మొదలైంది.

చోటు చాలకపోతే ఏమవుతుందో మా స్టేషన్ 2018 అక్టోబరు 23న చూసింది. ఆ సాయంత్రం నాగర్‌కోయిల్–షాలిమార్ ఎక్స్‌ప్రెస్, రెండు లోకల్ బళ్లు ఒకే సమయంలో స్టేషన్‌లో ఉన్నాయి. విశాఖ, చెన్నై వెళ్లే బళ్లు రాబోతున్నాయి. దిగేవాళ్లూ ఎక్కేవాళ్లూ ఒకే ఫుట్‌బ్రిడ్జి మీద ఎదురుపడ్డారు. తొక్కిసలాటలో ఇద్దరు చనిపోయారు, పది మందికి పైగా గాయపడ్డారు. జనానికి క్రమశిక్షణ లేదని అప్పుడు చాలామంది అన్నారు. పక్కకు తప్పుకోవడానికి పక్క అనేదే లేని చోట క్రమశిక్షణ ఎవరిని కాపాడుతుంది?

స్టేషన్ పక్కనే మా ఝీల్, అంటే చెరువు, ఉంది. చలికాలంలో ఈలవేసే బాతులు వేలకొద్దీ దిగుతాయి. వాటిని చూడడానికి బైనాక్యులర్లతో వచ్చినవాళ్లు నీటి వైపే చూస్తూ దారి మధ్యలో నిలబడిపోతారు. వెనక బడిపిల్లల సైకిళ్లు, వాకింగ్ చేసే పెద్దవాళ్లు. ఇక్కడ నాన్న చెప్పిన పద్ధతులు చాలు. ఆగినవాళ్లు అంచుకు జరగాలి, పిల్లలు నెమ్మదించాలి, పెద్దవాళ్లు వరసగా నడవాలి. పెద్ద బండ్ల ఒత్తిడి లేని చోట జనం ఈ సర్దుబాటు సులువుగానే చేసుకుంటారు.

పెద్ద రోడ్డు పక్కన మాత్రం కట్టి ఇవ్వాల్సిందే. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు వెంట 2023 అక్టోబరులో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ తెరిచారు, పైన సౌర ఫలకాల కప్పు వేశారు. వ్యాయామానికి, విహారానికి అంత చేయగలిగిన దేశం పనికి వెళ్లేవాడి సైకిలుకు ఒక దారి వేయలేదా?

కోనా ఎక్స్‌ప్రెస్‌వే మీద ఇప్పుడు ఎత్తు వంతెన కడుతున్నారు. మోటార్లు పైకి వెళ్లాక కింద మిగిలే నేలలో సైకిలుకు ఒక వరస, నడకకు ఒక వరస, రెండింటి మధ్య గట్టు ఉండాలి. కట్టాక అడిగితే ఆలస్యమైందంటారు. ఇక్కడి వాళ్లందరూ హౌరా కార్పొరేషన్‌కు, రహదారుల శాఖకు ఇప్పుడే అర్జీ పెట్టండి.