కోనసీమలో ఆన్‌లైన్ దుకాణాలు: సాఫ్ట్‌వేర్ ఎంపిక చరిత్ర

వ్యాపారుల కోసం ఆన్‌లైన్ దుకాణాలు కట్టిచ్చే డెవలపర్లు ముందుగా తేల్చుకోవాల్సింది ఏ సాఫ్ట్‌వేర్ మీద కట్టాలన్నది. దేనిలో ఏ సౌకర్యాలున్నాయో పట్టిక వేసుకుని, ఎక్కువ టిక్కులు పడినదాన్ని తీసుకోవడం రివాజు. పాతికేళ్లకు పైబడిన చరిత్ర తిరగేస్తే మాత్రం వ్యాపారికి అసలు చిక్కు మరోచోట కనిపిస్తుంది. కట్టినవాడు వేరే పనిలోకి వెళ్లిపోయాక, సాఫ్ట్‌వేర్ కంపెనీ చేతులు మారాక, కొట్టు తాళం ఎవరి దగ్గరుంది? ఆత్రేయపురం పూతరేకులు, బండారులంక చేనేత చీరలు, అంబాజీపేట కొబ్బరి లాంటి పేరున్న సరుకు ఉండీ, కంప్యూటర్ పనికి ప్రత్యేకంగా మనిషిని పెట్టుకోలేని చిన్న వ్యాపారులున్న కోనసీమలో ఎంపికకు గీటురాయి ఇదే కావాలి.

అద్దె పద్ధతే ముందు వచ్చింది. 1995లో అమెరికాలో మొదలైన వయావెబ్‌లో వ్యాపారి బ్రౌజర్‌లోనే దుకాణం కట్టుకునేవాడు. సాఫ్ట్‌వేరూ సర్వరూ కంపెనీవే. 1998లో యాహూ దాన్ని కొని యాహూ స్టోర్‌గా మార్చింది. ఉచితంగా దించుకుని సొంత సర్వర్‌లో పెట్టుకునే ఓఎస్‌కామర్స్ 2000లో జర్మనీలో పుట్టింది. ఆ తర్వాత కెనడా నుంచి అద్దె పద్ధతిలో షాపిఫై (2006), ఆపైన సొంత సర్వర్‌లో పెట్టుకునే మెజెంటో (2008), వర్డ్‌ప్రెస్‌కు అనుబంధంగా వూకామర్స్ (2011) వచ్చాయి. వీటిలో మెజెంటో కథ దగ్గర కాస్త ఆగాలి. అది 2011లో ఈబే చేతికి, 2018లో అడోబీ చేతికి వెళ్లింది. 2015 చివర్లో వచ్చిన రెండో వెర్షన్‌లోకి పాత దుకాణాన్ని మార్చడమంటే దాదాపు మళ్లీ కట్టడమే. 2020 జూన్ 30తో మొదటి వెర్షన్‌కు మద్దతు ఆగిపోయింది. ఆ సెప్టెంబరులో ఒక్క వారాంతంలోనే దాదాపు 2,000 మెజెంటో దుకాణాల్లోకి కార్డు వివరాలు దొంగిలించే కోడ్ చొరబడింది. వాటిలో ఎక్కువ భాగం పాత వెర్షన్‌వే. సోర్స్ కోడ్ చేతిలో ఉన్నంత మాత్రాన దుకాణం చేతిలో ఉన్నట్టు కాదని అప్పుడు తేలింది. అలాగని అద్దె సేవలకు శాశ్వతత్వం ఉందా అంటే అదీ లేదు. అమెజాన్ తన వెబ్‌స్టోర్ సేవను 2016లో మూసేసింది. మన హైదరాబాద్‌లో పుట్టిన అదే తరహా సేవ మార్ట్‌జాక్‌ను 2015లో కాపిలరీ టెక్నాలజీస్ కొనేసింది.

మన దేశానికి వచ్చేసరికి డబ్బు దారి లెక్క వేరు. కార్డు వాడకం తక్కువగా ఉన్న రోజుల్లో, 2010లో ఫ్లిప్‌కార్ట్ క్యాష్ ఆన్ డెలివరీ పెట్టాక జనం ఆన్‌లైన్ కొనుగోళ్లకు అలవాటు పడ్డారు. 2016లో యూపీఐ వచ్చింది. షాపిఫై సొంత చెల్లింపు సేవ భారత్‌లో లేదు కాబట్టి బయటి గేట్‌వే పెట్టుకోవాలి. గేట్‌వే తీసుకునేది కాక, ప్లాన్‌ను బట్టి కొంత శాతం షాపిఫై కూడా తీసుకుంటుంది. పైగా 2021 అక్టోబరు నుంచి, కార్డు మీద నెలనెలా వాటంతటవే కట్ అయ్యే చెల్లింపులకు రిజర్వు బ్యాంకు అదనపు ధ్రువీకరణ నిబంధన పెట్టడంతో, విదేశీ సేవల అద్దె కట్టడం కొన్నాళ్లు చాలామందికి తలనొప్పి అయింది. వూకామర్స్‌కు అద్దె లేదు గానీ హోస్టింగ్, బ్యాకప్, ప్లగిన్ల అప్‌డేట్లు ఎవరో ఒకరు చూసుకోవాలి. ఉచితం అన్న మాట నమ్మి దిగిన వ్యాపారికి ఖర్చు ఏడాది తిరిగాక గానీ తెలియదు.

ఇక సరుకు. ముందుగా పూతరేకులు. పల్చటి బియ్యప్పిండి జావలో గుడ్డ ముంచి, బోర్లించిన వేడి కుండ మీద పరిస్తే క్షణాల్లో రేకు లేస్తుంది. దానికి నెయ్యి రాసి పంచదార పొడో బెల్లమో వేసి మడుస్తారు. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ మిఠాయిని వెబ్‌సైట్‌లో పెట్టడం ఏమంత కష్టం కాదు: పంచదార, బెల్లం, డ్రైఫ్రూట్ రకాలు, పెట్టెల సైజులు, ఉత్త రేకుల కట్టలు ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా అమరుతాయి. కష్టమంతా ఏ పిన్‌కోడ్‌కు ఎన్ని రోజుల్లో చేరుతుందో ముందే చెప్పడంలో, దారిలో రేకు నలిగితే ఏం చేయాలో తేల్చడంలో, సంక్రాంతి ముందు చేతులు ఆడనన్ని ఆర్డర్లు వస్తే రోజుకు ఇన్నే అని ఆపడంలో ఉంది. బండారులంక చీర సంగతి ఇంకోటి. ఒక్కో రంగుకు ఒకటే చీర ఉండొచ్చు. అది కొట్లో, వాట్సాప్‌లో, వెబ్‌సైట్‌లో ఒకేసారి కనిపిస్తుంటుంది. ఫోన్‌లో ఫొటో తీసి నిమిషంలో ఎక్కించగలగాలి, కొట్లో అమ్ముడవగానే తీసేయగలగాలి. ఆ రెండూ కుదరని సాఫ్ట్‌వేర్‌కు మిగతా హంగులు ఎన్ని ఉన్నా చీరల వ్యాపారికి దండగ.

సరుకు తర్వాత ఆలోచించాల్సింది నెట్ ఆగిపోయే రోజుల గురించి. 2022 మే 24న జిల్లా పేరు మార్పు విషయమై అమలాపురంలో అల్లర్లు జరిగాక, కోనసీమలో కొన్నాళ్లు మొబైల్ ఇంటర్నెట్ ఆపేశారు. ఇలాంటప్పుడు ఎక్కడో ఉన్న సర్వర్ మాత్రం ఆర్డర్లూ డబ్బులూ తీసుకుంటూనే ఉంటుంది, చూసుకునే వీలు వ్యాపారికి ఉండదు. అందుకని రాజమహేంద్రవరంలోనో హైదరాబాద్‌లోనో ఉన్న నమ్మకస్తుడికి పరిమిత అధికారాలతో వేరే లాగిన్ ఇచ్చి, అతను ఆర్డర్లు నిలిపేయగలిగే ఏర్పాటు ఉండాలి. వూకామర్స్‌లో ఈ వీలుంది, షాపిఫైలో ప్లాన్‌ను బట్టి ఉంటుంది. అప్పగించేటప్పుడు అమర్చి చూపించడమే కావాలి.

అసలు సొంత సైటు ఎందుకు, 2018లో వచ్చిన వాట్సాప్ బిజినెస్ చాలదా అనే వాదన ఉంది. రోజుకు నాలుగైదు పార్శిళ్లు పంపేవారికి అదే చాలు. నిజాయతీ గల డెవలపర్ ఆ మాట చెప్పి పని వదులుకోవాలి. ఇంతకన్నా గట్టి ఆక్షేపణ మరొకటి: నిర్వహణ భారం తగ్గేది అద్దె సాఫ్ట్‌వేర్‌తోనే కదా, దుకాణం మీద పట్టు పేరుతో చిన్న వ్యాపారి నెత్తిన సర్వర్ పెట్టడం దేనికి? నిజమే. అయితే పట్టు అంటే సర్వర్ కాదు. డొమైన్, గేట్‌వే ఖాతా, కొనుగోలుదారుల జాబితా వ్యాపారి పేరున ఉంటే అద్దె కొట్టయినా అతనిదే. డొమైన్ డెవలపర్ ఈమెయిల్ మీద ఉంటే సొంత సర్వర్‌లోని వూకామర్స్ కూడా పరాయిదే. తాళాలన్నీ ఇచ్చేస్తే మాకు ఏటేటా వచ్చే ఆదాయం ఏమవుతుందని డెవలపర్లు అడగొచ్చు. అప్‌డేట్లు, బ్యాకప్‌లు పని. వాటికి ఒప్పందం రాసుకుని డబ్బు తీసుకోవచ్చు. పాస్‌వర్డ్ దగ్గర పెట్టుకోవడం పని కాదు.

కాబట్టి డెమో దశలోనే చేయాల్సిన పరీక్ష ఒకటుంది. పది సరుకులు, కొన్ని ఉత్తుత్తి ఆర్డర్లు ఎక్కించి, వాటిని సీఎస్‌వీ ఫైలుగా బయటకు తీసి, వేరే సాఫ్ట్‌వేర్‌లో పోసి చూడాలి. సరుకుల పేర్లు, ధరలు సాధారణంగా వచ్చేస్తాయి. పేజీల డిజైన్ రాదు, కొనుగోలుదారుల పాస్‌వర్డ్‌లు మామూలుగా రావు. రానివాటిని మళ్లీ చేయడానికి ఎంతవుతుందో మొదటి కొటేషన్‌లోనే రాయాలి.