మంగమ్మ ఎడమచేయి

దక్షిణాంధ్ర యుగాన్ని గురించి చెప్పేటప్పుడు మన సాహిత్య చరిత్రలు మధుర నేలిన విజయరంగ చొక్కనాథుణ్ణి తప్పకుండా పేర్కొంటాయి. 'శ్రీరంగ మాహాత్మ్యము', 'మాఘ మాహాత్మ్యము' అనే వచన గ్రంథాల కర్తగా, 'అహల్యా సంక్రందనము' రాసిన సముఖము వేంకటకృష్ణప్ప నాయకుణ్ణి ఆదరించిన ప్రభువుగా విద్యార్థులు అతని పేరు చదువుకుంటారు. అతను మూడు నెలల పసివాడుగా ఉన్నప్పుడు గద్దెమీద కూర్చోబెట్టి, సుమారు పదిహేడేళ్లు అతని పేర రాజ్యం నడిపిన నాయనమ్మ రాణీ మంగమ్మ పేరు మాత్రం ఆ పుటలలో అరుదు. తమిళనాట ఈనాటికీ పామరజనం నోట నిలిచిన ఈ తెలుగు స్త్రీ, తెలుగువారి సాహిత్య స్మృతిలో ఎందుకు నిలవలేదు? ఈ ప్రశ్నకు జవాబు వెతకాలంటే ఆమె కుటుంబ చరిత్రలోకి వెళ్లక తప్పదు.

మధుర నాయకులు విజయనగర సామ్రాజ్యం తరఫున 1529 ప్రాంతంలో తమిళదేశం మీద అధికారం పొందిన తెలుగు సేనానుల వంశం. ఆ వంశంలో ప్రసిద్ధుడైన తిరుమల నాయకుని మనుమడు చొక్కనాథ నాయకుడు (1659-1682). అతని సేనాని తుపాకుల లింగమ నాయకుని కూతురు మంగమ్మ. అంటే ఆమె పుట్టిల్లూ, మెట్టినిల్లూ రెండూ కత్తిమీద బతికిన ఇళ్లే.

ఆ కాలపు పాలకవర్గంలో పెళ్లి అనేది ఇద్దరు మనుషుల వ్యవహారం కాదు. చొక్కనాథుడు తంజావూరు ప్రభువు విజయరాఘవ నాయకుని కూతుర్ని కోరాడు. విజయరాఘవుడు నిరాకరించాడు. ఫలితం 1673 నాటి యుద్ధం. రంగాజమ్మ వంటి కవయిత్రిని మన్నించిన, స్వయంగా యక్షగానాలు రాసిన ఆ ముసలి రాజు యుద్ధభూమిలో కూలిపోయాడు. శత్రువుల చేతికి చిక్కకుండా అంతఃపుర స్త్రీలను మందుగుండుతో పేల్చివేయించాడని చరిత్రకారులు చెబుతారు. తెలుగు సాహిత్యానికి కాణాచి అయిన ఒక ఆస్థానం ఒక పెళ్లి బేరం కారణంగా బూడిద అయింది. మూడేళ్లు తిరక్కుండానే తంజావూరు మరాఠా ఏకోజీ వశమైంది. చొక్కనాథుడికి దక్కింది ఏమీ లేదు. ఆ రాజకుమార్తెను ఒక్క మాటైనా అడిగినవారు లేరు.

చొక్కనాథుడు 1682లో చనిపోయాడు. మంగమ్మ చితి ఎక్కలేదు. కొడుకు రంగకృష్ణ ముద్దువీరప్ప నాయకుడు పిన్నవాడు; అతన్ని కాపాడుకోవాలి. ఏడేళ్లకే, 1689లో, ఆ కొడుకు మశూచితో పోయాడు. అతని భార్య చిన్న ముత్తమ్మ అప్పుడు నిండు గర్భిణి. సహగమనం చేస్తానని పట్టుపట్టిన కోడల్ని మంగమ్మ ఎంతో కష్టంమీద ఆపింది. కాని ప్రసవమైన కొద్ది రోజులకే ఆ పిల్ల తన ప్రాణం తానే తీసుకున్నదని పరంపరగా వస్తున్న కథనం. అత్త మాట కోడల్ని బిడ్డ పుట్టేవరకే ఆపగలిగింది. బిడ్డ పుట్టిన తరవాత ఆచారమే గెలిచింది. సతీ ధర్మాన్ని తాను తప్పుకున్న స్త్రీ కూడా తన ఇంటి పడుచును దానినుంచి తప్పించలేకపోయింది. వ్యక్తి ధైర్యం ఎంతటిదైనా వ్యవస్థ ముందు దానికి ఒక హద్దు ఉన్నదనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

ఆ పసికందు పేర మంగమ్మ పాలన మొదలయింది. ఉత్తరాన జింజి కోటను చుట్టుముట్టి కూర్చున్న మొగలు సేనాని జుల్ఫికర్ ఖానుకు కప్పం కట్టి, గెలవలేని యుద్ధాన్ని తప్పించుకున్నది. గెలవగలిగినచోట సేనను నడిపించింది. 1697లో దళవాయి నరసప్పయ్య తిరువాన్కూరు మీదికి వెళ్లి బకాయిలు రాబట్టాడు. 1700లో తంజావూరుతో యుద్ధం. ఆ వెంటనే అదే తంజావూరుతో పొత్తు. కారణం కావేరి నీళ్లు. మైసూరు చిక్కదేవరాయలు నదికి అడ్డంగా కట్ట వేశాడు. దిగువ పొలాలు ఎండిపోతుంటే నిన్నటి శత్రువులు ఏకమయ్యారు. సేనలు కదిలేలోగానే వరద వచ్చి కట్టను కొట్టుకుపోయింది. గోదావరి కాలువ కింద బతికే మాకు ఈ సంగతి విడమరిచి చెప్పనక్కరలేదు. నీరు లేనిదే శిస్తు లేదు, శిస్తు లేనిదే ఆస్థానమూ లేదు, ప్రబంధమూ లేదు. 1702లో రామనాథపురం సేతుపతి మీద చేసిన యుద్ధంలో మాత్రం నరసప్పయ్య చనిపోయాడు, మధుర ఓడిపోయింది.

ఆమె పేరు నిలబెట్టినవి మాత్రం యుద్ధాలు కావు. చెట్లు నాటించిన బాటలు, బాటసారులకు సత్రాలు, చలివేంద్రాలు, బాగు చేయించిన కాలువలు. మధుర నుంచి కన్యాకుమారి వైపు సాగే దారిని జనం మంగమ్మ బాట అన్నారు. మధుర రైల్వే స్టేషను ఎదుటి సత్రం ఆమె పేరనే ఉన్నది. ఆమె నివసించిందని చెప్పే తముక్కం భవనంలో 1959లో గాంధీ స్మారక ప్రదర్శనశాల వెలిసింది.

ఈ బాటల పుట్టుకకు జనం ఒక కథ చెప్పుకుంటారు. ఒకనాడు పరధ్యానంలో మంగమ్మ ఎడమచేత్తో తాంబూలం అందుకున్నదట. ఆ పాపం పోవడానికి ప్రాయశ్చిత్తంగా ఈ బాటలు, సత్రాలు కట్టించిందట. కథ ముచ్చటగానే ఉన్నది. కాని అది చేస్తున్న పని ఏమిటో గమనించాలి. తిరుమల నాయకుడు మహలు కట్టిస్తే అది ప్రతాపం. మంగమ్మ బాట వేయిస్తే అది ప్రాయశ్చిత్తం! వర్తకులూ యాత్రికులూ నడిస్తే సుంకం వస్తుందనీ, సేనలు త్వరగా కదులుతాయనీ తెలిసిన పాలకురాలి ఆలోచనను ఈ కథ ఒక విధవరాలి ఆచార లోపంగా కుదించివేసింది. స్త్రీ చేసిన పనిని ఒప్పుకుంటూనే, ఆ పని వెనక బుద్ధిని ఒప్పుకోకపోవడం భూస్వామ్య సంస్కృతి నేర్పు.

ఆమె అంతం గురించిన కథా ఆ కోవలోదే. మనుమడు పెద్దవాడయ్యాక అధికారం అప్పగించలేదని, ఒక మంత్రితో సంబంధం అంటగట్టి, 1706 ప్రాంతంలో ఆమెను నిర్బంధించారనీ, అన్నం కంటికి కనిపించేటట్టూ చేతికి అందనట్టూ పెట్టి మాడ్చి చంపారనీ చెబుతారు. ఇందులో నిజం పాలు ఎంతైనా, ఒక రాజు అధికారం వదలకపోతే అతని శీలాన్ని ఎవరూ తూచరు. ఆ తరవాత విజయరంగ చొక్కనాథుడు 1732 వరకు పాలించి సంతానం లేకుండా పోయాడు. అతని భార్య మీనాక్షికీ మంగమ్మ పాత్రే దక్కింది. చందా సాహెబు ప్రమాణాన్ని నమ్మి మోసపోయి, విషం తాగి చనిపోయింది. దానితో మధుర నాయక రాజ్యమే ముగిసింది.

తంజావూరు రాజకుమార్తె, చిన్న ముత్తమ్మ, మంగమ్మ, మీనాక్షి - ఈ నలుగురి జీవితాలను పక్కపక్కన పెట్టి చూడండి. ఒకరు బేరంలో సరుకు, ఒకరు వారసుణ్ణి కన్న గర్భం, ఇద్దరు మగవాడు వచ్చేదాకా గద్దెకు కాపలా. పరువూ ప్రాభవమూ గల ఇళ్లలోనే స్త్రీ స్థితి ఇది. ఇక ఆ బాటల మీద మట్టి మోసిన కూలి స్త్రీ పేరు ఏ శాసనం చెబుతుంది? మంగమ్మను కీర్తించే ఉత్సాహంలో ఆమె కట్టిన కప్పం ఏ రైతు గాదె నుంచి వచ్చిందో మరిచిపోతే మనమూ ఆస్థాన చరిత్రకారులమే అవుతాము.

అయితే ఆ యుగం మొత్తాన్ని 'క్షీణయుగం' అని ఒక్క మాటతో తోసివేయడమూ సరికాదు. మా రాజమండ్రి వీరేశలింగం పంతులుగారు వితంతువుల కోసం జీవితాన్ని ధారపోసిన మహనీయులు. అంతటివారే ముద్దుపళని కవిత్వాన్ని ఆమె కులవృత్తితో ముడిపెట్టి తీసిపారేశారు. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ 'రాధికా సాంత్వనము'ను తిరిగి అచ్చు వేసేదాకా ఆ మాటకు గట్టిగా ఎదురు చెప్పినవారు లేరు. కావ్యంలోని శృంగారాన్ని చూసి యుగాన్ని నిందించాము. కావ్యం బయట ఆ యుగపు స్త్రీలు ఎలా బతికారో చూడలేదు.

దక్షిణాంధ్ర సాహిత్యం చదివే విద్యార్థులు ఈసారి విజయరంగ చొక్కనాథుడి పేరు రాసేటప్పుడు ఒక క్షణం ఆగాలి. ఆ పసివాణ్ణి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నది ఎవరు, ఆ ఊయల తాడు పట్టుకున్నది ఏ చేయి అని అడగాలి. అది కుడిచేయా, ఎడమచేయా అన్నది మనకు అనవసరం.