డిచ్‌పల్లి డాక్టరమ్మ

నిజామాబాదు అనగానే మనకు పసుపూ, బోధన్ చెరకు తోటలూ గుర్తుకొస్తాయి. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ ఇంకా పుట్టకముందే, 1907లో, స్కాట్లాండు నుంచి ఒక జంట నిజాం రాజ్యానికి వచ్చింది. ఆయన జార్జి కెర్, మెథడిస్టు పాదిరీ. ఆవిడ ఇసబెల్. 1903లోనే ఎబర్డీన్‌లో డాక్టరీ ప్యాసయిన మనిషి. పాదిరీగారి సంగతి అలా ఉంచి, ఆవిడ గురించే చెబుతాను.

కుష్ఠును మనవాళ్లు పేరెత్తకుండా ‘పెద్దరోగం’ అనేవారు. ఒంటిమీద స్పర్శ తెలియని మచ్చ కనబడితే చాలు, ముందు కంచం వేరు, తరువాత పడక పశువుల కొట్టంలో, ఆఖరికి ఊరి పొలిమేర అవతల. మొగుడికొస్తే పెళ్లాం చాకిరీ చేసేది. పెళ్లానికొస్తే? పుట్టింటివాళ్లయినా గడప తొక్కనిస్తే గొప్పే!

అలాంటివాళ్ల కోసం ఇసబెల్ 1911లో నిజామాబాదులో ఒక ఆశ్రయం తెరిచింది. వచ్చేవాళ్లు పెరిగారు, చోటు చాలలేదు. అప్పుడు ఆదుకున్నది రాజా నర్సాగౌడ్ అనే హిందూ దాత. ఆయన చేయూతతో 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా ఆస్పత్రి వెలిసింది. పాలించేది ముస్లిం ప్రభువు, వైద్యం క్రైస్తవులది, విరాళం హిందువుది. రోగానికి మతమేమిటి లెండి!

అప్పట్లో ఉన్న మందల్లా చాల్‌మోగ్రా నూనె. సుశ్రుతుడు చెప్పిన తువరకం, మన అడవిబాదం, ఆ జాతివే. తాగితే కడుపులో తిప్పేది. సూదిమందుగా ఇస్తే పొడిచినచోటల్లా నొప్పి, వాపు. పైగా నెలల తరబడి పొడిపించుకోవాలి. అయినా జనం వచ్చారు. ఎందుకు రారూ? అయినవాళ్లే ముట్టుకోని చేతిని పట్టుకుని చూసే డాక్టరమ్మ ఉన్నప్పుడు! 1923లో ప్రభుత్వం ఆవిడకు కైసర్-ఇ-హింద్ పతకం ఇచ్చింది.

ఆ తరువాత 1940లలో డాప్సోన్ వచ్చింది. 1981 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్న పద్ధతిలో రెండు మూడు మందులు కలిపి ఆరు నెలలో, ఏడాదో వాడితే నయమవుతోంది. తొలిరోజుల్లోనే పట్టుకుంటే వేళ్లు వంకర పోవు. ఇంత జరిగినా మన హిందూ వివాహ చట్టంలో కుష్ఠును చూపి విడాకులు అడిగే వీలు అలాగే ఉండిపోయింది. 1955 నాటి ఆ చట్టంలోంచి ఆ మాట కొట్టేసింది ఎప్పుడనుకున్నారు? 2019లో.